వెతుకులాట వెనుక – 5వ పాఠం: గేటు దగ్గర ఆపినవాడికి ఇంట్లో చీటీ కనపడదు

ఈ వారం అసలు చెప్పవలసింది ర్యాంకుల గురించి. గూగుల్ లాంటి సెర్చి ఇంజనులో వెతికితే ఎవరి పేజీ పైన వస్తుంది, ఎవరిది అడుగున పడి ఉంటుంది అన్న లెక్క మొదలుపెడదామని కాగితం మీద రాసుకున్నాను కూడా. సెర్చి ఇంజనుకు పేజీలు కనపడకుండా దాచడం గురించి చెప్పిన నాలుగో పాఠానికి వచ్చిన ఉత్తరాలు చూశాక ఆ కాగితం పక్కన పెట్టాను. సగం ఉత్తరాల్లో ఒకటే గోడు: "మాస్టారూ, మీరు చెప్పినట్టే చేశాం, సైటు కనపడటం లేదు." మిగతా సగంలో దానికి తలకిందుల గోడు: "మీరు చెప్పినట్టే చేశాం, దాచిన పేజీ ఇంకా కనపడుతూనే ఉంది."

ఇందులో నా వాటా ఉంది. సెర్చి ఇంజను తరఫున పేజీలు చదువుతూ తిరిగే ప్రోగ్రాముకు (దాని పేరు క్రాలర్) ఏ పేజీలకు రావద్దో చెప్పే రోబోట్స్ ఫైలునూ, ఈ పేజీని ఫలితాల్లో చూపవద్దని పేజీ లోపలే చెప్పే నోఇండెక్స్ ట్యాగునూ ఒకే పేరాలో, అవేవో కవల పిల్లలన్నట్టు చెప్పేశాను. వాటికి చుట్టరికమే లేదు. ఒకే వీధిలో ఉంటాయి, అంతే.

రెండు ఉత్తరాలు తీసుకుందాం. జబ్బులన్నీ వాటిలోనే ఉన్నాయి.

మొదటిది బెంగళూరు మారతహళ్ళి నుంచి. ఆవకాయ, గోంగూర, పండుమిరప పచ్చళ్ళు పెట్టి అమ్మే ఒక ఆవిడ రాశారు. బాకీ ఉన్నవాళ్ళ పట్టిక తన సైటులోనే ఒక పేజీలో పెట్టుకున్నారట. ఆ ఒక్క పేజీ గూగుల్‌లో రాకూడదని రోబోట్స్ ఫైలు తెరిచి, యూజర్ ఏజెంట్ (ఏ క్రాలర్‌కు) ఎదురుగా నక్షత్రం గుర్తు, దాని కింద డిస్‌అలౌ (ఎక్కడికి రావద్దు) ఎదురుగా ఒక ఏటవాలు గీత పెట్టి ఊరుకున్నారు. ఆ గీత తర్వాత పేజీ పేరు రాయాలి. రాయలేదు. నక్షత్రం అంటే ఏ క్రాలరైనా సరే అని. ఒంటరి గీత అంటే ఏ పేజీ అయినా సరే అని. రెండూ కలిస్తే లోకంలోని మర్యాద తెలిసిన క్రాలర్లన్నిటికీ మా ఇంటి ఛాయలకు రావద్దని చెప్పినట్టు. ఆ గీతను కూడా తీసేసి ఖాళీగా వదిలితే అర్థం పూర్తిగా తిరగబడుతుంది: అన్నీ చదువుకోండి అని. ఒక్క గీత తేడా.

రెండోది కె.ఆర్.పురంలో ట్యూషన్లు చెప్పే కుర్రాడిది. పరీక్ష జవాబుల పేజీ పిల్లల కంట పడకూడదు. రోబోట్స్ ఫైల్లో ఆ పేజీ పేరు సరిగ్గానే రాశాడు. అక్కడితో ఆగకుండా, రెండు తాళాలుంటే మంచిది కదా అని పేజీ లోపల నోఇండెక్స్ ట్యాగు కూడా పెట్టాడు. మూడు వారాలైనా, వెతికితే చిరునామా వస్తూనే ఉంది. కింద వివరణ ఉండవలసిన చోట మాత్రం ఈ పేజీ గురించి సమాచారం లేదన్న ఒక్క ముక్క.

ఆ మొదటి తాళమే రెండోదాన్ని పనిచేయనివ్వక కొంప ముంచింది. నన్ను ఏళ్ళ తరబడి విసిగిస్తున్న పొరపాటు ఇది. అందుకే ఈసారి దీన్ని నమిలి నమిలి చెబుతాను. తెలిసినవారు నాలుగు పేరాలు దాటేయవచ్చు.

మొదటి పాఠంలో చెప్పిన మాట ఒకటి గుర్తు చేసుకోండి. మనం ఏదైనా వెతికినప్పుడు సెర్చి ఇంజను ఇంటర్నెట్‌ను వెతకదు. ముందే తిరిగి, చదివి, రాసిపెట్టుకున్న తన సూచికను వెతుకుతుంది. తిరిగేది క్రాలర్. రాసుకున్నది ఇండెక్సు. పని రెండు చోట్ల జరుగుతుంది.

మేముండేది మహదేవపురలో ఒక అపార్ట్‌మెంటు. ఏటా ఉగాదికి ముందు చుట్టుపక్కల తెలుగువాళ్ళం కలిసి ఒక చిన్న పుస్తకం వేసుకుంటాం. ఫ్లాటు నంబరు, ఇంటిపేరు, సొంత ఊరు, ఇంట్లో ఏదైనా చేసి అమ్ముతుంటే ఆ వివరం. వివరాలు రాసుకోవడానికి ఒక కుర్రాడు ఇల్లిల్లూ తిరుగుతాడు. ఒక ఇంటివారికి తమ పేరు పుస్తకంలో పడటం ఇష్టం లేదనుకోండి. తలుపుకు చీటీ అంటించారు: "మా వివరాలు వేయవద్దు." అది నోఇండెక్స్. కుర్రాడు పైకి వచ్చి, చీటీ చదివి, ఆ నంబరు కొట్టేసి వెళ్ళిపోతాడు. పని జరిగింది.

ఇప్పుడు అదే ఇంటివారు గేటు దగ్గర సెక్యూరిటీకి కూడా చెప్పారు: "మా ఫ్లాటుకు ఎవరినీ పంపకండి." అది రోబోట్స్ ఫైలు. కుర్రాడు బుద్ధిమంతుడు, గేటు దగ్గరే ఆగిపోయాడు. తలుపు మీద చీటీ ఉందని అతనికి ఎలా తెలుస్తుంది? ఈలోపు పక్కింటివారు, కిందింటివారు అతనితో అన్నారు: "1204లో ట్యూషన్లు బాగా చెబుతారయ్యా." అబద్ధం రాయలేదు, లోపలికి చొరబడలేదు. విన్నది విన్నట్టు రాసుకున్నాడు: 1204, ట్యూషన్లు, వివరాలు తెలియవు. పుస్తకం అచ్చయింది. కె.ఆర్.పురం కుర్రాడి పేజీకి జరిగింది ముమ్మూర్తులా ఇదే.

కాబట్టి ఒక పేజీ సూచికలోంచి పోవాలంటే ముందు గేటు తెరవాలి. రోబోట్స్ ఫైల్లో ఆ పేజీ పేరు తీసేయండి. పేజీలో నోఇండెక్స్ ఉంచండి. క్రాలర్ వచ్చి, చదివి, కొట్టేసే దాకా ఆగండి. గూగుల్ రోబోట్స్ ఫైలును మామూలుగా 24 గంటల వరకు తన దగ్గర దాచుకున్న ప్రతి నుంచే చూస్తుంది కాబట్టి, పొద్దున మార్చి సాయంత్రానికి నాకు ఫిర్యాదు రాయకండి. ఆ తర్వాత పేజీని మళ్ళీ చదవడానికి రోజులు పట్టవచ్చు, వారాలూ పట్టవచ్చు. అంత తొందరైతే, సైటు యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్ అన్న పనిముట్టులో తొలగింపుల విభాగం ఉంది. అది ఆరు నెలల పాటు పేజీని ఫలితాల్లోంచి దాచిపెడుతుంది, శాశ్వతంగా కాదు.

నోఇండెక్స్‌ను రోబోట్స్ ఫైల్లోనే రాసేస్తే ఒకే దెబ్బకు రెండు పనులూ అయిపోతాయి కదా అని ఒకరు తెలివిగా అడిగారు. పాత పాఠాల్లో ఆ చిట్కా ఉండేది. అలాంటి వరుసలను ఇక పట్టించుకోనని గూగుల్ 2019లో చెప్పేసి, ఆ సెప్టెంబరు నుంచి మానేసింది. చిట్కా చచ్చిపోయింది, చెప్పేవాళ్ళు మిగిలారు.

పచ్చళ్ళావిడ బాకీల పట్టికకు ఈ రెండూ పనికిరావు. రోబోట్స్ ఫైలు ఎవరైనా తెరిచి చదవగలిగే బహిరంగ కాగితం. మీ సైటు చిరునామా చివర ఆ ఫైలు పేరు (robots.txt) కొడితే చాలు. అందులో "బాకీల పేజీకి వెళ్ళకండి" అని రాయడమంటే బీరువా తాళం ఎక్కడుందో గుమ్మానికి రాసి పెట్టడమే. పైగా అది చట్టం కాదు, మర్యాద. మార్టిన్ కోస్టర్ 1994లో ప్రతిపాదించిన ఈ పద్ధతి పాతికేళ్ళకు పైగా నోటిమాట ఒప్పందంగానే నడిచింది. ప్రమాణ పత్రంగా అచ్చుకెక్కింది 2022లో. మర్యాద లేని క్రాలర్‌ను అది ఇప్పటికీ ఆపలేదు. నలుగురి పేర్లూ బాకీలూ ఉన్న పేజీకి పాస్‌వర్డ్ పెట్టాలి, లేదా దాన్ని సైటులోంచి తీసి నోటు పుస్తకంలో రాసుకోవాలి. నన్నడిగితే నోటు పుస్తకం.

ఇదే ఫైలులో ఇంకో గుంట ఉంది. అక్కడ రాసే పేరు పూర్తి పేరు కానక్కర లేదు, మొదటి అక్షరాలు కలిస్తే చాలు. ఒకాయన ఏటవాలు గీత తర్వాత ఇంగ్లీషు పి అక్షరం ఒక్కటే రాశారు, పాస్‌బుక్ పేజీని దాచడానికి. పచ్చళ్ళు, పొడులు, పార్సిల్ ధరలు, ఫోటోలు అన్నీ ఇంగ్లీషులో పి తోనే మొదలవుతాయి మరి. అన్నీ మూతపడ్డాయి. పెద్దబడి అక్షరాలకూ చిన్నబడి అక్షరాలకూ తేడా ఉందని కూడా గుర్తుంచుకోండి. ఇక పేజీకి రంగులూ అమరికా ఇచ్చే ఫైళ్ళున్న ఫోల్డరును మూసేవారికి ఒక్క మాట: గూగుల్ పేజీని బ్రౌజరులో తెరిచినట్టు తెరిచి చూస్తుంది. ఆ ఫైళ్ళు అందకపోతే దానికి కనపడేది సగం కట్టిన ఇల్లు.

ర్యాంకుల సంగతి

ఇంతసేపూ తిట్టాను గానీ, కె.ఆర్.పురం పొరపాటు మనల్ని నేరుగా అసలు పాఠంలోకే తెచ్చింది. చదవని పేజీ సూచికలోకి ఎలా వచ్చింది? పక్కవాళ్ళు చెప్పుకోవడం వల్ల. అంటే వేరే పేజీల నుంచి దానికి లింకులున్నాయి, ఆ లింకుల మీద నాలుగు మాటలున్నాయి. పేజీ తన గురించి తాను చెప్పుకునేది ఒకటి, లోకం దాని గురించి చెప్పేది ఇంకొకటి. గూగుల్ పుట్టుకే ఈ రెండోదాని మీద.

స్టాన్‌ఫర్డ్‌లో చదువుతున్న సెర్గీ బ్రిన్, లారీ పేజ్ 1998లో ప్రచురించిన పత్రంలో ఆ లెక్క ఉంది. పేజ్‌ర్యాంక్ అన్న పేరులో ఉన్నది లారీ పేజ్ ఇంటిపేరు. ఒక పేజీ ఇంకో పేజీకి లింకు ఇస్తే ఓటు వేసినట్టు. అందరి ఓటుకూ ఒకే విలువ లేదు: తాను ఎక్కువ ఓట్లు సంపాదించిన పేజీ వేసే ఓటు బరువైనది. ఎంతమందికి వేస్తే అన్ని వాటాలుగా ఆ బరువు చీలిపోతుంది. లింకులు నొక్కుకుంటూ పోయే మనిషి ఎక్కడో ఒకచోట విసుగెత్తి వేరే పేజీకి దూకుతాడు కదా, దాని కోసం 0.85 తో గుణిస్తారు.

మా అపార్ట్‌మెంటు సంఘం పేజీలో 5 లింకులున్నాయనుకుందాం, అందులో పచ్చళ్ళ సైటు ఒకటి. ఎవరు పడితే వారు పేరు ఎక్కించుకునే ఒక జాబితా పేజీలో 500 లింకులున్నాయి, అందులోనూ పచ్చళ్ళ సైటు ఒకటి. రెండు పేజీల బరువూ 1 అనుకుంటే, సంఘం నుంచి వచ్చేది 0.85ను 5తో భాగిస్తే 0.17. జాబితా నుంచి వచ్చేది 0.0017. నూరు రెట్ల తేడా. పచ్చళ్ళావిడకు ఎవరో ఫోను చేసి, ఇంత డబ్బిస్తే 500 లింకులు పెట్టిస్తామన్నారట. ఆ డబ్బుతో మిరపకాయలు కొనుక్కోమన్నాను. కొన్న లింకులు గూగుల్ నిబంధనలకు విరుద్ధం. అలాంటి వాటిని పట్టుకోవడానికే 2012లో ర్యాంకుల లెక్కలో పెంగ్విన్ అన్న మార్పు తెచ్చారు.

లింకుల లెక్క ఈనాటికీ ఉంది, కానీ అనేక లెక్కల్లో ఒకటిగా. అడిగిన మాటకు పేజీ సరిపోతుందా, శీర్షిక ఏమంటోంది, అడిగినవారు ఎక్కడున్నారు, ఫోనులో పేజీ సరిగా తెరుచుకుంటుందా, ఇవన్నీ ఉన్నాయి. వేగం గురించి కొందరు పూనకం వచ్చినట్టు మాట్లాడతారు. ముఖ్యభాగం రెండున్నర సెకన్లలోపు కనపడితే గూగుల్ కొలత ప్రకారం బాగున్నట్టే. నేను అక్కడితో వదిలేస్తాను. పేజీ దేని గురించో చెప్పడానికి లోపల రాసే కీవర్డ్స్ ట్యాగులో నలభై మాటలు కుక్కడం మానేయండి. ర్యాంకుకు దాన్ని వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పింది.

నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది తెలుగువాళ్ళకే ఉన్న తంటా. పచ్చళ్ళావిడ సైటులో "మా గురించి" అన్న పేజీని ఎంత వెతికినా రాదు. ఆ ఒంటరి గీత సరిచేశాక గేటు తెరిచే ఉంది, చీటీ లేదు. చూస్తే కరపత్రం కోసం డీటీపీ సెంటరులో పాత ఫాంటులో కొట్టించిన వాక్యాలను ఆ ఫాంటుతో సహా అలాగే తెచ్చి అతికించారు. ఆ ఫాంట్లలో తెలుగు బొమ్మ పైన ఉంటుంది, అడుగున ఉండేవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. మన కంటికి ఆవకాయ, క్రాలర్‌కు అర్థం లేని గుర్తుల వరుస. అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు విడిగా 128 స్థానాలున్నాయి, అందులో కొట్టిందే సెర్చి ఇంజనుకు తెలుగు. కరపత్రాన్ని ఫోటోగా పెట్టి ఊరుకోవడమూ దాదాపు ఇంతే. నా అడ్డదారి పరీక్ష ఇది: పేజీలో ఒక వాక్యాన్ని ఎత్తి ఫోనులో మెసేజీ పెట్టెలో వేయండి. తెలుగుగా వస్తే సరే. పిచ్చిగీతలు వస్తే క్రాలర్ చదువుతున్నదీ అదే.

సరైన తెలుగు ఉన్నా సరిపోదు. బెంగళూరులో మనవాళ్ళు పచ్చడిని తెలుగులో తక్కువగా, ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కువగా వెతుకుతారు. కొట్టేవాడు ఏ లిపిలో కొడతాడో ఆ లిపిలో కూడా ఒక వాక్యం పేజీలో ఉండాలి. రెండు లిపుల్లోనూ సహజంగా, ఒక్కోసారి చాలు.

అభ్యాసం

ఇది తేలికైనది కాదు, ముందే చెబుతున్నాను. ఆదివారం పేపరులో చిన్న ప్రకటనలు ఇరవై కత్తిరించి నంబర్లు వేయండి. వాటిలోని ప్రతి మాటనూ అకారాది క్రమంలో రాసి, ఎదురుగా అది వచ్చిన ప్రకటనల నంబర్లు రాయండి. కంప్యూటరు వాడవద్దు. ఆ తర్వాత ఇంట్లో ఎవరినైనా రెండు మాటలు అడగమనండి. ఆ రెండు వరుసల్లోనూ ఉన్న నంబర్లే మీ జవాబు. "ఇల్లు", "ఇంటికి", "ఇళ్ళు" మూడు వేర్వేరు వరుసల్లో పడతాయి. ఇల్లు అడిగినవారికి ఇంటికి ఉన్న ప్రకటన చూపాలా వద్దా అన్నది మీరే తేల్చి, ఎందుకో రెండు వాక్యాలు రాయండి. ఆరో పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.

ఈలోగా రోబోట్స్ ఫైలు సరిచూడమని అడిగేవారు అందులోని వరుసలను కాపీ చేసి పంపండి. తెర ఫోటో తీసి పంపితే ఆ ఒక్క గీత ఉందో, ఫోను అద్దం మీద మరకో నాకు తెలియదు.