పాత జిప్సీలో పెట్రోల్ కారుతోందా? వాసన ఎప్పుడొస్తుందో ముందు చూడండి

పెట్రోల్ కారుతున్న బండి కిందికి దూరి, తడి కనపడ్డచోటల్లా క్లాంపులు బిగించడం మన షెడ్లలో మామూలే. దాంతో లీకు ఆగదు. పెట్రోల్ బయటికొచ్చినచోటే చుక్క రాలదు. పైపు వెంట, ఛాసిస్ అంచు వెంట పాకి, ఏ బోల్టు తల దగ్గరో ఆగి అక్కణ్నుంచి పడుతుంది. వేడి ఇంజన్ మీదయితే నేల చేరకముందే ఆవిరైపోతుంది, మనకు వాసన ఒక్కటే మిగులుతుంది. అందుకే పానా పట్టుకునేముందు నాలుగు రోజులు బండిని గమనించండి. ట్యాంక్ నింపినప్పుడే వాసనొస్తోందా? ఎత్తెక్కేటప్పుడా? ఇంజన్ నడుస్తుండగానా? రాత్రంతా నిలబెట్టాక పొద్దునా? ఈ జవాబుతోనే సగం పని అయిపోతుంది. కానీ చుక్కలు చుక్కలుగా కారుతుంటే మాత్రం గమనించడాలేమీ వద్దు, ఆ బండిని నడపకండి.

ఇక్కడ రాస్తున్నది మారుతి జిప్సీ గురించి. 1985లో 970 సీసీ ఇంజన్‌తో వచ్చింది. 1996లో వచ్చిన జిప్సీ కింగ్‌లో 1300 సీసీ ఇంజన్ పెట్టారు, మొదట దానికీ పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బొరేటరే. తర్వాత ఎంపీఎఫ్ఐ వచ్చింది, అంటే ఇంజెక్టర్లు ప్రెషర్‌తో పెట్రోల్ చిమ్మే పద్ధతి. మీది కార్బొరేటర్ బండా, ఎంపీఎఫ్ఐ బండా అన్నది ముందు తెలియాలి. రెండింటి పెట్రోల్ లైన్లలో ప్రెషర్ చాలా తేడా.

ముట్టుకునేముందు

పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు. నేల మీదే పరుచుకుని, పల్లానికి పారుతుంది. కాబట్టి సర్వీసు గుంట మీద ఈ పని అసలు చేయకూడదు, ఆవిరంతా గుంటలోనే నిలుస్తుంది. ఆరుబయట, చదునైన నేల మీద, ఇంజన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టండి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. వైరుకు వేలాడే బల్బు వద్దు, ఎల్ఈడీ టార్చి చాలు, దాన్ని దూరంగా ఉన్నప్పుడే ఆన్ చేసుకుని రండి. పౌడర్ రకం ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా ఉండాలి. పెట్రోల్ మంట మీద నీళ్లు పోస్తే పెట్రోల్ నీళ్ల మీద తేలి మంట ఇంకా పాకుతుంది.

తర్వాత పైపులు, జాయింట్లు గుడ్డతో శుభ్రంగా తుడిచి, ఆరాక టాల్కం పౌడర్ పల్చగా చల్లండి. బండి కింద అట్టలు పరచండి. పౌడర్ తడిసినచోట్లలో అన్నిటికన్నా పైన ఉన్నదే అసలు చోటు. పాత లీకయితే అక్కడ జిగటగా గోధుమరంగు మరక కూడా కనిపిస్తుంది.

ట్యాంక్ నింపినప్పుడే వాసన, సగానికొచ్చాక మాయం

ఇలా జరిగితే ఇంజన్ వైపు చూడక్కర్లేదు. లీకు ట్యాంక్ పైభాగంలో ఉంది. మొదట చూడాల్సింది పెట్రోల్ పోసే గొట్టానికీ ట్యాంక్‌కీ మధ్య ఉండే లావు రబ్బరు హోస్. బురద, ఎండ తగిలి దాని వంపు దగ్గర పగుళ్లొస్తాయి. చేత్తో వంచితేగాని ఆ పగులు కనపడదు. దాని పక్కనే సన్నటి గాలి హోస్ ఉంటుంది, దాన్ని మర్చిపోతారు. మారేడుమిల్లి ఘాట్ లాంటి ఎత్తుల మీద ట్యాంక్‌లో పెట్రోల్ వెనక్కి చేరుతుంది కాబట్టి, చదునులో పొడిగా ఉన్న పగులు కూడా అక్కడ కారుతుంది. అందుకే బండిని ముందు చక్రాలు ఎత్తులో ఉండేలా నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు రాళ్లు పెట్టి, ఒకసారి చూడాలి.

ఆ రెండు హోస్‌లూ బాగానే ఉంటే ట్యాంక్ మీద ఫ్యూయల్ గేజ్ యూనిట్ కూర్చునే గాస్కెట్‌ను అనుమానించండి. దానికోసం ట్యాంక్ దించాలి. నిండు ట్యాంక్‌లో 40 లీటర్లు పడతాయి, కాబట్టి పెట్రోల్ అడుగంటాకే ఆ పని పెట్టుకోండి. దించాక గాస్కెట్ ఒక్కటే మార్చి ఎక్కించొద్దు, అందే హోస్‌లన్నీ మార్చేయండి. మళ్లీ దించే ఓపిక ఎవరికుంటుంది?

ఇంజన్ నడుస్తుంటే బానెట్ కింద వాసన

కార్బొరేటర్ జిప్సీలో పెట్రోల్ లాగేది ఇంజన్‌కి బిగించిన మెకానికల్ పంపు. కామ్‌షాఫ్ట్ దాని లివర్‌ను తొక్కుతుంటే లోపలి డయాఫ్రమ్ అనే రబ్బరు పొర కదులుతుంది. డయాఫ్రమ్ చిరిగితే రెండు రకాలుగా తెలుస్తుంది. పంపు ఒంటికున్న చిన్న రంధ్రంలోంచి పెట్రోల్ చెమరుస్తుంది. అది కళ్లకు కనపడుతుంది కాబట్టి నయం. రెండోదే ప్రమాదం: పెట్రోల్ ఇంజన్ లోపలికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. బయట ఎక్కడా తడి ఉండదు. ఆయిల్ పోయకుండానే డిప్‌స్టిక్ మీద మట్టం పెరిగిందా, ఆయిల్ పల్చబడి పెట్రోల్ వాసనేస్తోందా చూడండి. అవునంటే ఆ బండిని స్టార్ట్ చేయొద్దు. ఆ ఆయిల్ బేరింగులను కాపాడలేదు, పైగా లోపలి ఆవిరి అంటుకోవచ్చు. పంపు, ఆయిల్, ఫిల్టర్ మూడూ మార్చాల్సిందే.

ఆ రంధ్రాన్ని ఎంసీల్‌తో మూసేసిన పంపులు సెకండ్‌హ్యాండ్ బళ్లలో కనపడతాయి. ఆ రంధ్రం ఉన్నదే హెచ్చరించడానికి. దాన్ని మూస్తే పెట్రోల్ ఆయిల్‌లోకి పోక ఎక్కడికి పోతుంది?

కార్బొరేటర్ పొంగుతోంది

ఇక్కడ ఎక్కువగా దోషం నీడిల్‌దే. కార్బొరేటర్‌లోని ఫ్లోట్ అనే తేలే బుడ్డి పైకి లేచినప్పుడు పెట్రోల్ వచ్చే దారిని మూసే సూది అది. తుక్కు ఇరుక్కున్నా, కొన అరిగినా నీడిల్ మూసుకోదు, ఫ్లోట్ గదిలోంచి పెట్రోల్ పొంగుతుంది. కార్బొరేటర్ క్లీనర్‌తో కడిగి, నీడిల్‌నూ దాని సీటునూ జతగా మార్చండి. ఫ్లోట్‌లోకి పెట్రోల్ దూరిందేమో చెవి దగ్గర ఊపి వినండి. అయినా పొంగుతుంటే ట్యాంక్‌కి తిరిగెళ్లే రిటర్న్ హోస్ ఎక్కడైనా నలిగిందేమో చూడండి. ఆ దారి మూసుకుంటే పంపు ప్రెషరంతా నీడిల్ మీదే పడుతుంది. ఎండాకాలంలో ట్యాంక్ మూత తీయగానే బుస్సుమంటే ట్యాంక్ గాలి దారి మూసుకుందని అర్థం. ఆ ఒత్తిడి కూడా పెట్రోల్‌ను ముందుకు తోస్తుంది.

ఎప్పుడు చూసినా చుక్కలే

ఇంజన్‌తో, ట్యాంక్ మట్టంతో సంబంధం లేకుండా కారుతుంటే ఛాసిస్ వెంట వెళ్లే ఇనుప పైపును, ట్యాంక్ అడుగును చూడాలి. పైపును పట్టి ఉంచే క్లిప్పుల వెనక బురద చేరి, అక్కడే తుప్పు తింటుంది. క్లిప్పు విప్పందే కనపడదు. రాళ్ల దెబ్బ తగలకుండా ట్యాంక్ కింద ఉండే రేకుదీ అదే కథ, రేకుకీ ట్యాంక్‌కీ మధ్య మట్టి ఎండదు.

పైపు తుప్పు పడితే అలాంటి స్టీలు పైపే వేయించండి. రాగి పైపు వంచడం సులువే గానీ, అదురుకి గట్టిపడి చీలుతుంది. మధ్యలో తుప్పు ముక్క కోసి రబ్బరు హోస్ తొడగడం ఊరు చేరేదాకే. ట్యాంక్‌కి చిల్లు పడితే వెల్డింగ్ జోలికి పోవద్దు. ఖాళీ ట్యాంక్ నిండు ట్యాంక్‌కన్నా ప్రమాదం, దాన్నిండా ఆవిరే. అడవి దారిలో ఉంటే బట్టల సబ్బును చిల్లులోకి గట్టిగా రుద్దండి, సబ్బు పెట్రోల్‌లో కరగదు కాబట్టి కాసేపు ఆపుతుంది. తుప్పుతో ఒక చిల్లు పడిన ట్యాంక్‌కి రెండోది దగ్గర్లోనే ఉంటుంది, ట్యాంక్ మార్చడమే మేలు.

ఎంపీఎఫ్ఐ బండయితే

ఇంజన్ ఆపాక కూడా లైనులో ప్రెషర్ నిలిచే ఉంటుంది. తొందరపడి హోస్ లాగితే పెట్రోల్ కళ్లల్లో చిమ్ముతుంది. బ్యాటరీ వైరు తీయకముందే ఫ్యూయల్ పంపు ఫ్యూజో రిలేయో తీసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడపండి. తర్వాత వైరు తీసి, జాయింట్ మీద గుడ్డ కప్పి మెల్లగా విప్పండి. కారుతూ ఉంటే మాత్రం ఇలా నడపొద్దు, చల్లారాక గుడ్డ చుట్టి విప్పడమే.

కొత్త హోస్ కొనేటప్పుడు

ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఈ బళ్ల రబ్బరు దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు. కొన్ని హోస్‌లు మెత్తబడి ఉబ్బుతాయి, కొన్ని పెళుసెక్కుతాయి. ఒకటి పోయిందంటే అన్నీ మార్చండి. నీళ్ల పైపు, గాలి పైపు పనికిరావు. ఎస్ఏఈ జే30 ఆర్9 (SAE J30 R9) అని ముద్ర ఉన్న హోస్ అడగండి. అది ఇంజెక్షన్ ప్రెషర్‌నీ తట్టుకుంటుంది, కార్బొరేటర్‌కీ సరిపోతుంది. పాత ముక్క తీసుకెళ్లి లోపలి కొలత సరిచూసుకోండి. పళ్ల క్లాంపు అతిగా బిగిస్తే హోస్‌నే కోస్తుంది, అంచులు గుండ్రంగా ఉండే ఫ్యూయల్ క్లాంపులు వేయండి.

అన్నీ బిగించాక మళ్లీ తుడిచి పౌడర్ చల్లండి. చదునులో కాసేపు, ఎత్తులో కాసేపు ఇంజన్ నడిపి చూడండి. ట్యాంక్ నింపిన రాత్రి కింద అట్ట పరిచి, గాలాడేచోట బండిని వదిలేయండి. పొద్దున అట్ట, పౌడర్ రెండూ పొడిగా ఉంటే బండి తీయొచ్చు.