ఎమ్మెల్యే జీతంపై అర్జీ రాసేవారికి

ట్రెజరీలో బిల్లులు చూసి చూసి రిటైరైనవాణ్ణి. హనుమకొండలో ఇప్పటికీ నాచేత అర్జీలు రాయించుకునేవారున్నారు. ఎమ్మెల్యేల జీతం మీద రాయమంటూ వచ్చేవారంతా తెచ్చే అంకె ఒక్కటే, నెలకు రెండున్నర లక్షలు.

ముందు ఆ అంకెను విడగొట్టండి. 2016లో తెలంగాణ శాసనసభ ఆమోదించిన పెంపులో అసలు జీతం 20,000 రూపాయలే. మిగిలిన 2,30,000 నియోజకవర్గ భత్యం. మీ అర్జీ నిలబడాల్సింది ఈ భత్యం మీద. మా గుమాస్తా ములుగు వెళ్లొచ్చి టీఏ (ప్రయాణ భత్యం) బిల్లు పెడితే తేదీ, బయలుదేరిన వేళ, వెళ్లిన పని, బస్సు టికెట్టు అన్నీ సరిపోవాల్సిందే. ఒక్కటి తగ్గినా అభ్యంతరం రాసి వెనక్కి పంపేవాణ్ణి. నియోజకవర్గ భత్యం మాత్రం నెలనెలా ఏకమొత్తంగా వస్తుంది. పైగా ఆదాయపు పన్ను పాత విధానంలో దానికి మినహాయింపు ఉంది.

అందుకే నేను ఇలా రాయిస్తాను: జీతం లక్షన్నర చేయండి, మొత్తానికీ పన్ను వేయండి. ప్రయాణం, కార్యాలయం, సహాయకుడి ఖర్చు బిల్లు పెట్టాకే ఇవ్వండి, ఆ బిల్లులు ప్రజలకు కనబడనివ్వండి. పెంచమంటే కొందరికి కోపం వస్తుంది. ఇరవై వేల జీతంతో నెట్టుకురమ్మంటే ఇంట్లో డబ్బున్నవాడే పోటీకి దిగుతాడు కదా! సర్పంచుల సంగతి మరీ అన్యాయం. 2021లో పెంచాక కూడా గౌరవ వేతనం నెలకు 6,500కే చేరింది. అదీ ఒక వాక్యంలో చేర్చండి.

తర్వాత, పెంచేదెవరు? రాజ్యాంగం 195వ అధికరణ ప్రకారం సభ్యుల జీతభత్యాలను శాసనసభే చట్టం చేసి నిర్ణయిస్తుంది. ఎవరి బిల్లు వాళ్లే పాస్ చేసుకోవడమన్నమాట. ఎంపీల విషయంలో 2018లో కాస్త మార్చారు. ధరల సూచీని బట్టి అయిదేళ్లకోసారి జీతం సవరిస్తారు. ఆ లెక్కన పెరిగిన 1,24,000 రూపాయల జీతాన్ని 2025 మార్చిలో ప్రకటించారు. బ్రిటన్‌లో ఖర్చుల కుంభకోణం బయటపడ్డాక 2009లో ఏకంగా ఎంపీల జీతభత్యాలు చూసే స్వతంత్ర సంస్థనే పెట్టారు. మనకూ అలాంటిది కావాలని అడగండి.

పింఛనుకు ఒక్క ముక్క చాలు: పంజాబ్ 2022లో తెచ్చినట్టు, ఎన్నిసార్లు గెలిచినా ఒకే పింఛను.

తిట్లు వద్దు, పేజీ దాటనివ్వొద్దు. మీ ఎమ్మెల్యే పేరిట రాసి, నకలు శాసనసభ కార్యదర్శికి స్పీడ్‌పోస్టులో పంపి రసీదు దాచుకోండి. బడ్జెట్ సమావేశాలకు ముందే చేరేలా చూడండి. ఆ తర్వాత చేరిన కాగితం ఫైలు అడుగుకు పోతుంది.