మందుకు లొంగని గుణం ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి ఎలా వెళ్తుందో పూసలతో చూపించండి

విశాఖలో మా వీధి ఇంటర్ బైపీసీ పిల్లలకి సాయంత్రాలు పాఠం చెప్తుంటాను. "యాంటీబయాటిక్ ఎక్కువ వాడితే ఒళ్లు దానికి అలవాటు పడిపోతుంది కదండీ" అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అంటారు. మారేది ఒళ్లు కాదు, బ్యాక్టీరియా. నోటితో ఎంత చెప్పినా ఎక్కని ఈ ముక్క పూసలు పట్టుకుంటే అరగంటలో ఎక్కేసింది.

పూర్ణా మార్కెట్‌కి వెళ్లినప్పుడు తెల్ల, ఎర్ర, నీలం పూసలు తెచ్చుకోండి. రెండు మూడు రకాల చిన్న గిన్నెలు ఓ ఆరు, ఒక స్ట్రా, అగ్గిపెట్టె, చింతపిక్క చాలు. గిన్నె ఒక బ్యాక్టీరియా, గిన్నె రకం మారితే జాతి మారినట్టు. ప్రతి గిన్నెలో తెల్లపూసల పొడవాటి దండ వేయండి, అది క్రోమోజోమ్, అంటే బ్యాక్టీరియా అసలు డీఎన్ఏ. ఒక్క గిన్నెలో మాత్రం దాంతోపాటు రెండు పేటల చిన్న దండ గుండ్రంగా ముడేసి పెట్టండి. ఇదే ప్లాస్మిడ్, అంటే క్రోమోజోమ్‌కి విడిగా ఉండే చిన్న డీఎన్ఏ చుట్ట. దీని రెండు పేటల్లోనూ ఒక ఎర్రపూస ఉండాలి, అది పెన్సిలిన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్‌కి జన్యువు అనుకోండి.

ఇప్పుడు ఆ గిన్నెకీ వేరే రకం గిన్నెకీ మధ్య స్ట్రా పెట్టండి. చిన్న దండని తీసి అవతల పడేయకండి, పిల్లలు చేసే తప్పు అక్కడే! ఒక పేట మాత్రమే అవతలికి వెళ్తుంది, ఇవతల ఒకటి మిగులుతుంది, తర్వాత రెండు గిన్నెల్లోనూ లేని పేటని కొత్తగా గుచ్చుకోవాలి. అంటే ఇచ్చినదానికి ఏమీ తగ్గలేదు, తీసుకున్నదానికి కొత్త శక్తి వచ్చింది. దీన్నే కాంజుగేషన్ అంటారు, ఎక్కువ భయపడాల్సింది దీని గురించే, ఎందుకంటే జాతి వేరైనా ఇది జరుగుతుంది. పేగుల్లో ఏ హానీ చేయని ఈ.కోలై నుంచి జిగట విరేచనాల షిగెల్లాకి కూడా వెళ్లగలదు. పైగా ఒకే దండలో చాలా మందులకి జన్యువులు ఉండొచ్చు. అవన్నీ కలిసి ఈ రెండు జాతుల మధ్య మారతాయని 1959లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. ఎర్రపూస పక్కన నీలంది కూడా (ఇంకో మందుకి లొంగని జన్యువు అనుకోండి) గుచ్చి మళ్లీ ఆడించండి.

మిగతా రెండు దారులూ త్వరగా అయిపోతాయి. ఒక గిన్నె బోర్లించి (ఆ బ్యాక్టీరియా చచ్చినట్టు) దండ తెంపండి, ఆ ముక్కని పక్క గిన్నె ఏరుకుంటే ట్రాన్స్‌ఫర్మేషన్. అగ్గిపెట్టె బ్యాక్టీరియాని తినే వైరస్, అంటే ఫేజ్. అది తన సరుకు బదులు పొరపాటున ఈ పూసల్ని నింపుకుని ఇంకో గిన్నెలో దించితే ట్రాన్స్‌డక్షన్.

చివరికి మందు వేయండి. ఎర్రపూస లేని గిన్నెలన్నీ తీసేసి, ఆ ఖాళీల్లో ఎర్రపూస ఉన్నవాటి నకళ్లు పెట్టండి (అనుకూలిస్తే ఈ.కోలై 20 నిమిషాలకే రెండవుతుంది). నీలంపూసకి సంబంధించిన మందు వేసినా అదే దండలో ఉన్న ఎర్రపూస కూడా బతికిపోతుంది, ఇది తప్పకుండా చూపించండి.

ఆఖరి ఆట జలుబుది. జలుబు వైరస్ వల్ల వస్తుంది కాబట్టి చింతపిక్కని ఆ వైరస్ అనుకుని గిన్నెల బయట పెట్టి, డాక్టర్‌ని అడక్కుండా మొన్న మిగిలిన యాంటీబయాటిక్ స్ట్రిప్‌లోంచి ఓ మాత్ర వేసుకున్నట్టు ఆడండి. చింతపిక్క ఉన్నచోటే ఉంటుంది, ఎర్రపూస లేని గిన్నెలు మాత్రం పోతాయి.