సందు చుక్కలు దారి చూపిన మిఠాయి పెట్టె

ఒక మిఠాయి దుకాణం పెట్టెకు నేను గీసిన మూడు నమూనాలనూ యజమాని "ఎక్కడో చూసినట్టే ఉంది" అంటూ తిప్పి పంపారు. ఆయన మాట నిజమే, ఎందుకంటే అందరూ వెతికే బొమ్మలనే నేనూ ఫోనులో వెతుకుతున్నాను.

ధనుర్మాసంలో ఒక ఉదయం ఎదురింటి పిన్నిగారు పదిహేను చుక్కలు పెట్టి, సందు చుక్కగా ఎనిమిది వరకు తగ్గించుకుంటూ వేస్తున్న ముగ్గును నిలబడి లెక్కపెట్టాను. మొత్తం 169 చుక్కలు. ఒక వరుసలోని చుక్క పై వరుసలోని రెండు చుక్కల నడుమకు వస్తుంది కనుక చూపు నిలువుగా కాక ఏటవాలుగా సాగుతుంది, ఆరు రేకుల పువ్వు దానంతటదే కుదురుతుంది. గళ్ల కాగితం అలవాటున్న నాకు ఇది తట్టనే లేదు.

ఆ చుక్కలనే కంప్యూటర్లో ఆధారంగా పరిచి, జేగురు రంగుపై తెల్లని గీతలు మాత్రమే వేశాను. అయినా గీతలన్నీ ఒకే మందంలో ఉండటంతో బొమ్మ నిర్జీవంగా కనిపించింది. చివరికి నల్ల అట్ట మీద నేనే పిండితో ముగ్గు వేసి (వంకరగానే వచ్చింది), ఫొటో తీసి, ఆ హెచ్చుతగ్గులను గీతల్లోకి తెచ్చాను.

ఈసారి యజమాని దుకాణం పేరును కొంచెం పెద్దది చేయమని మాత్రమే అడిగారు.