యురేనియం గని పక్క ఊళ్లలో బోరు నీళ్లు: పరీక్ష ఎలా, అనుమతి కాగితాల్లో ఏం వెతకాలి

కడప జిల్లా తుమ్మలపల్లె చుట్టుపక్కల ఎవరైనా "మా బోరులో యురేనియం ఎక్కువుంది" అని ఒక్క ల్యాబ్ రిపోర్టు పట్టుకుని ఆఫీసుకు వెళ్తే జవాబు సిద్ధంగా ఉంటుంది: "ఇక్కడి రాతిలోనే యురేనియం ఉంది, నీళ్లలోకి రాదా మరి?" ఇందులో కొంత నిజం లేకపోలేదు. వేంపల్లె డోలోమైటు రాతిలో ఖనిజం సహజంగానే ఉంది. నైట్రేటు, బైకార్బొనేటు ఎక్కువున్న నీళ్లు రాతిలోని యురేనియాన్ని కరిగించుకుంటాయి. కాబట్టి ఒక్క అంకెతో వాదన నిలవదు. నీళ్లు ఎటు నుంచి ఎటు పారుతున్నాయి, ఎగువ బోరుకూ దిగువ బోరుకూ తేడా ఎంత, యురేనియంతో పాటు ఇంకేం పెరిగాయి, అనుమతిలోని ఏ షరతు తప్పింది అన్న నాలుగూ కలిస్తేనే నిలుస్తుంది.

ఏ కాగితం ఎవరి దగ్గర

పర్యావరణ అనుమతి కేంద్ర పర్యావరణ శాఖది, 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద. రేడియేషన్ భద్రత ఏఈఆర్‌బీ, అంటే అణుశక్తి నియంత్రణ మండలి చూస్తుంది. 1974 నీటి చట్టం కింద సీఎఫ్‌ఈ అంటే కట్టడానికి, సీఎఫ్‌ఓ అంటే నడపడానికి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే సమ్మతి. భూగర్భ జలం తోడకంపై 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది. గనిలో ఊరే నీటిని రాత్రింబవళ్లు తోడిపోస్తారు కాబట్టి చుట్టుపక్కల బోర్ల మట్టం దిగే సమస్య ఈ చివరిదాని కిందికి వస్తుంది.

ప్రజాభిప్రాయ సేకరణ సభ మీద ఆశ పెట్టుకోవద్దు. అణు ఖనిజాల తవ్వకాలకు ఆ సభ అవసరం లేదని 2025 సెప్టెంబరులో కేంద్రం మినహాయింపు ఇచ్చింది. ఇకపై బలమంతా కాగితాల్లోనే.

వాటిలో ఊరివాళ్లకు బాగా పనికొచ్చేది సీఎఫ్‌ఓ. దానికి గడువు ఉంటుంది, మళ్లీ మళ్లీ రెన్యువల్‌కు రావాలి, షరతులు కొలవగలిగేలా ఉంటాయి. సాధారణ షరతులు చదివి విసిగిపోకుండా ప్రత్యేక షరతుల షెడ్యూలుకు వెళ్లండి. టెయిలింగ్ పాండ్ (శుద్ధి తర్వాత మిగిలిన బురదను నిల్వ చేసే చెరువు) అడుగున ఊట ఇంకకుండా ఏ లైనింగ్ వేయమన్నారు, ఎంత మందం, చుట్టూ ఎన్ని పరిశీలన బోర్లు, ఎన్నాళ్లకోసారి ఏమేం పరీక్షించాలి, బయటికి నీళ్లు వదలొచ్చా లేదా, ఇవన్నీ అక్కడే ఉంటాయి. తుమ్మలపల్లె రైతుల ఫిర్యాదులన్నీ కె.కె. కొట్టాల దగ్గరి పాండ్ లైనింగ్ చుట్టూనే తిరిగాయంటే కారణం లేకపోలేదు. ఖనిజంలోని రేడియోధార్మికతలో సుమారు 85 శాతం శుద్ధి తర్వాత కూడా ఆ బురదలోనే మిగులుతుంది. అందులోని రేడియం సగానికి తగ్గడానికే 1,600 ఏళ్లు.

సమాచార హక్కు దరఖాస్తు రాయడం

"పాండ్ సురక్షితమేనా?" అని అడిగితే "ఇది అభిప్రాయం, సమాచారం కాదు" అని తిప్పి పంపుతారు. ఎప్పుడూ పత్రాన్నే అడగాలి. ఉదాహరణకు ఇలా:

"1. ప్రస్తుత సీఎఫ్‌ఓ, దాని ముందు రెండు సీఎఫ్‌ఓల నకళ్లు. 2. టెయిలింగ్ పాండ్ లైనింగ్ డిజైన్ డ్రాయింగు, వేశాక చేసిన పర్మియబిలిటీ (నీరు ఎంత ఇంకుతుందో చూసే) పరీక్ష రిపోర్టు. 3. పాండ్ చుట్టూ ఉన్న పరిశీలన బోర్ల అక్షాంశ రేఖాంశాలు, లోతులు. 4. ఆ బోర్లలో మొదటి రోజు నుంచి నమోదైన నీటిమట్టం, యురేనియం, సోడియం, సల్ఫేటు అంకెలు. 5. మండలి అధికారుల తనిఖీ నివేదికలు, ఇచ్చిన నోటీసులు, వాటికి వచ్చిన జవాబులు."

ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. ఒకే దరఖాస్తును మండలికీ, గని నడిపే కంపెనీకీ (యూసీఐఎల్) విడివిడిగా పంపండి. రెండు చోట్ల నుంచి వచ్చిన అంకెలు సరిపోలకపోతే అదే ఒక ఆధారం. దేశ భద్రత పేరుతో సెక్షన్ 8(1)(ఎ) కింద నిరాకరిస్తే, సెక్షన్ 10 ప్రకారం రహస్యమైన భాగం తీసేసి మిగతాది ఇమ్మని 30 రోజుల్లో మొదటి అప్పీలు వేయాలి. ఊరి పక్క బోరులో సోడియం ఎంతుందన్నది దేశ రహస్యం కాదు.

అడగకుండానే దొరకాల్సినవీ ఉన్నాయి. పర్యావరణ అనుమతి షరతుల అమలుపై కంపెనీ ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక ఇవ్వాలి. ఫారం 5 పర్యావరణ నివేదిక సెప్టెంబరు 30లోగా మండలికి చేరాలి. కేంద్ర పర్యావరణ శాఖ అనుమతుల వెబ్‌సైటు పరివేష్ పోర్టల్‌లోనూ కంపెనీ వెబ్‌సైటులోనూ చూడండి.

ఏయే బోర్లు

కనీసం ఆరు ఎంచుకోండి: పాండ్‌కు ఎగువన రెండు, దిగువన మూడు, గనికీ పాండ్‌కూ దూరంగా అదే రాతిలో ఉన్నది ఒకటి. ఎగువ దిగువలు నేల వాలు చూసి చెప్పేవి కావు. గని నీళ్లు తోడుతుంటే భూగర్భ నీరు గని వైపే తిరిగి ఉండొచ్చు. త్రిభుజంలా ఉన్న మూడు బోర్లలో మోటార్లు రాత్రంతా ఆపి, ఉదయమే టేపు దించి కేసింగ్ అంచు నుంచి నీటి దాకా లోతు కొలవండి. కేసింగ్ అంచు ఎత్తులోంచి ఆ లోతు తీసేస్తే నీటి ఎత్తు వస్తుంది. ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటుకు నీరు కదులుతుంది. అంచుల ఎత్తులు సర్వేయరు లెవెల్ మిషనుతోనే తీయించండి. ఫోన్ జీపీఎస్ ఎత్తులో కొన్ని మీటర్ల తప్పుంటుంది, లెక్కంతా తలకిందులవుతుంది.

ఇది పగుళ్ల రాయి. పాండ్‌ను ఆనుకున్న బోరు శుభ్రంగా ఉండి, పగులు వెంట కిలోమీటరు అవతలి బోరు చెడిపోవచ్చు. దగ్గరి బోరు బాగుందని సంతకం పెట్టేయకండి.

నమూనా తీయడం

ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. ఓవర్‌హెడ్ ట్యాంకు, కుళాయి, ఆర్‌ఓ ప్లాంటు నీళ్లు పనికిరావు. కేసింగ్‌లో నిలవున్న నీళ్లు పోయి, రాతిలోంచి కొత్త నీరు వచ్చాకే పట్టాలి. ఆరున్నర అంగుళాల బోరులో మీటరుకు సుమారు 21 లీటర్లు ఉంటాయి. 60 మీటర్ల నీళ్లుంటే దాదాపు 1,280 లీటర్లు. దానికి మూడు రెట్లు పోవాలి. నిమిషానికి 100 లీటర్లు పోసే మోటారైతే 40 నిమిషాలు నడపాలి. ఈసీ మీటరు (నీటి విద్యుత్ వాహకత కొలిచేది), పీహెచ్ మీటరు పెట్టి 5 నిమిషాలకోసారి చూస్తూ, వరసగా మూడు రీడింగులు నిలకడగా వచ్చాక పట్టండి. ఆ ఉదయమే ఈసీ మీటరును 1,413 మైక్రోసీమెన్స్ ప్రామాణిక ద్రావణంతో, పీహెచ్ మీటరును 7, 10 బఫర్లతో సరిచేసుకోవాలి. షాపువాళ్లు మామూలుగా ఇచ్చే 4, 7 జత ఈ క్షార జలాలకు చాలదు.

ప్రతి బోరుకూ 500 మిల్లీలీటర్ల హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) సీసాలు రెండు. మొదటిదాన్ని 0.45 మైక్రాన్ ఫిల్టరుతో వడకట్టి, స్వచ్ఛమైన నైట్రిక్ ఆమ్లం 1 మిల్లీలీటరు కలపాలి. యురేనియం, సోడియం, కాల్షియం, మెగ్నీషియం దీంట్లో చూస్తారు. ఆమ్లం వేయకపోతే కొంత యురేనియం సీసా గోడకు పట్టేసి రిపోర్టులో తక్కువ కనిపిస్తుంది. కార్బొనేటు నీళ్లు ఆమ్లం పడగానే బుసబుస పొంగుతాయి. నురగ ఆగేదాకా మూత బిగించకండి. తర్వాత ఒక చుక్క పీహెచ్ కాగితం మీద వేసి 2 కంటే తగ్గిందో లేదో చూడండి, తగ్గకపోతే ఇంకొంచెం పోయండి. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. రెండో సీసాలో ఏమీ కలపకుండా నిండుగా పట్టి ఐస్ పెట్టెలో పెట్టండి. క్షారత, సల్ఫేటు, క్లోరైడు, నైట్రేటు దీంట్లోంచి తీస్తారు, 24 గంటల్లో ల్యాబుకు చేరాలి.

సీసాల మీద బోరు పేరుకు బదులు నంబరే రాయండి. డిస్టిల్డ్ నీళ్ల సీసా ఒకటి, ఏదో ఒక బోరుకు రెండో నమూనా ఒకటి ల్యాబుకు చెప్పకుండా కలిపి పంపండి. ఆ జంట అంకెల మధ్య పెద్ద తేడా వస్తే మొత్తం బ్యాచ్‌నే నమ్మలేం. ల్యాబుకు ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉంటే చాలదు, ఆ గుర్తింపు వర్తించే పరీక్షల జాబితా అయిన స్కోపులో "నీటిలో యురేనియం" ఉందో లేదో అడగాలి. ఏడాదికి రెండుసార్లు తీయండి: మేలో ఒకసారి, వానలయ్యాక ఒకసారి.

గీగర్ మీటరును బోరు పక్కన పెట్టి వీడియోలు తీస్తుంటారు. లీటరుకు 100 మైక్రోగ్రాముల యురేనియం ఉన్నా ఆ మీటరు పలకదు. అది మీ కేసుకే చేటు.

రిపోర్టు చదవడం

తాగునీటిలో యురేనియానికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పరిమితి లీటరుకు 0.03 మిల్లీగ్రాములు, అంటే 30 మైక్రోగ్రాములు. ఏఈఆర్‌బీ పరిమితి 60 మైక్రోగ్రాములు. ఎవరు ఏ అంకెతో పోల్చి "పరిధిలోనే ఉంది" అంటున్నారో చూడండి. ఈ స్థాయిల్లో ముందు భయం కిడ్నీలకు, రేడియేషన్ తర్వాత.

అసలు సంగతి మిగతా అంకెల్లో ఉంది. జార్ఖండ్‌లోని జాదూగూడ యురేనియం గనిలో ఖనిజాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కరిగిస్తారు. తుమ్మలపల్లె డోలోమైటు ఆ ఆమ్లాన్నంతా తాగేస్తుంది కాబట్టి ఇక్కడ సోడియం కార్బొనేటు, బైకార్బొనేటుతో వేడిలో, ఒత్తిడిలో కరిగిస్తారు. అందుకని ఇక్కడి పాండ్ నీళ్లలో సోడియం, కార్బొనేటు, సల్ఫేటు దండిగా ఉంటాయి. కార్బొనేటుతో జతకట్టిన యురేనియానికి రుణావేశం ఉంటుంది, బంకమట్టి దాన్ని సరిగా పట్టుకోలేదు. పాండ్ నుంచి ఊట మొదలైతే ముందు సల్ఫేటు, సోడియం కదులుతాయి. అవి పెరిగి యురేనియం ఇంకా పెరగలేదంటే ఊట లేదని కాదు, ఇంకా అక్కడికి చేరలేదని కూడా కావచ్చు.

దిగువ బోర్లలో సోడియం, సల్ఫేటు, క్షారత, యురేనియం నాలుగూ కలిసి పెరిగి, ఎగువ బోర్లు మారకపోతే అది పాండ్ వైపు చూపిస్తుంది. యురేనియం, నైట్రేటు మాత్రమే ఎక్కువుండి సోడియం, సల్ఫేటు మామూలుగా ఉంటే రాయిని, ఎరువులను ముందు అనుమానించాలి. అది కంపెనీ మీద వేస్తే కేసు పోతుంది.

అరటి ఎండుతోందా, నేల చౌడు తేలుతోందా అన్నదానికి ఎస్‌ఏఆర్ (కాల్షియం, మెగ్నీషియంతో పోలిస్తే సోడియం పాలు) లెక్క కట్టండి. లీటరుకు మిల్లీగ్రాముల్లో ఉన్న సోడియాన్ని 23తో, కాల్షియాన్ని 20తో, మెగ్నీషియాన్ని 12.2తో భాగించండి. కాల్షియం, మెగ్నీషియం కూడి సగం చేసి వర్గమూలం తీయండి, సోడియాన్ని దానితో భాగించండి. సోడియం 460, కాల్షియం 40, మెగ్నీషియం 24.4 మిల్లీగ్రాములైతే 20ని 1.41తో భాగించినట్టు, అంటే 14. 10 లోపు ఫర్వాలేదు, 18 దాటితే నేల గట్టిపడి నీరు ఇంకదు.

తర్వాత

మీ ల్యాబ్ రిపోర్టు తలుపు తట్టడానికే. నీటి చట్టం కింద చర్యకు మండలి అధికారి సెక్షన్ 21 పద్ధతిలో తీసిన నమూనా కావాలి: కంపెనీ ప్రతినిధికి నోటీసు ఇచ్చి, అతని ఎదుటే నమూనాను రెండుగా పంచి, సీలు వేసి, సంతకాలు. ఫిర్యాదులో ఏ బోరు, ఏ తేదీ, ఏ అంకె, సీఎఫ్‌ఓలో ఏ షరతు నంబరు అన్నవి రాసి, "సెక్షన్ 21 కింద నమూనా తీయండి" అని స్పష్టంగా అడగండి.

మండలి కదలకపోతే చెన్నైలోని జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లాలి. అక్కడ రేడియేషన్ అని మొదలుపెట్టొద్దు. ట్రైబ్యునల్ పరిధిలోని చట్టాల జాబితాలో అణుశక్తి చట్టం లేదు. నీటి చట్టం, 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం ఉన్నాయి, వాదన ఆ షరతుల మీదే కట్టాలి. సమస్య తలెత్తిన 6 నెలల్లో వేయాలి, తగిన కారణం చూపిస్తే మరో 60 రోజులు. పరిహారం కోసమైతే 5 ఏళ్లు. కొత్త పర్యావరణ అనుమతిపై అప్పీలుకు మాత్రం 30 రోజులే, ఆపైన కారణం చూపితే 60. పరివేష్‌ను వారానికోసారి చూడకపోతే ఈ గడువు చేజారుతుంది.

అన్వేషణ దశలోనే ఉన్న ఊళ్లు ఒక్కటి గట్టిగా అడగాలి: తవ్విన ప్రతి బోరునూ అడుగు నుంచి పైదాకా సిమెంటు గ్రౌటుతో మూసినట్టు రికార్డు. పైన మూతేసి వదిలిన బోరు ఖనిజపు పొరనూ తాగునీటి పొరనూ కలిపేస్తుంది.

ఈలోగా తాగడానికి ఆర్‌ఓ నీళ్లు వాడొచ్చు, మెంబ్రేను బాగుంటే యురేనియం 90 శాతం పైనే పోతుంది. మరిగిస్తే పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌ఓ వదిలే నీళ్లను పశువుల తొట్టిలోకీ కూరగాయల మడిలోకీ పోనివ్వకండి.