పాదు నిండా పూతే, పిందె మాత్రం నిలవదు: సమస్య - పరిష్కారం

వంశధార ఒడ్డున గుణుపురం, కాశీనగరం వైపూ, మహేంద్రతనయ పక్కన పర్లాకిమిడి వైపూ ఆనప, బీర, గుమ్మడి, పోటల (పర్వల్) వేసేవాళ్లకు ఈ ఇబ్బంది కొత్త కాదు. పందిరి పూలతో నిండి ఉంటుంది, పిందెలు పసుపెక్కి రాలిపోతుంటాయి. మందుల కొట్టుకు వెళ్లేముందు రాలిన పిందెలు నాలుగైదు ఏరి, చాకుతో నిలువునా కోసి చూడండి.

సమస్య: పిందె రాలుతోంది

లోపల తెల్లటి పురుగులు కదులుతున్నా, పైన సూది గుచ్చినట్టు చుక్క, దాని దగ్గర జిగురు కనిపించినా అది పండు ఈగ పని. రాలినవన్నీ ఏరి లోతైన గోతిలో పూడ్చండి. క్యూ లూర్ (ఈగలను రప్పించే ఎర) పెట్టిన బుట్టలు కట్టండి. వాటికి మగ ఈగలే పడతాయి కాబట్టి బుట్టలు కట్టి ఏరడం మానేస్తే లాభం లేదు.

పురుగు లేదు, చుక్క లేదు, పువ్వున్న కొస నుంచి వాడి పసుపెక్కింది, లోపల గింజలు ఎదగలేదు. అంటే పుప్పొడి అందలేదు. దీనికి పురుగుమందు కొడితే వచ్చే నాలుగు తేనెటీగలూ పోతాయి, రాలడం ఇంకా పెరుగుతుంది.

కారణం: ఈ పాదుల్లో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. సన్నటి కాడ మీద ఉత్త పువ్వుంటే మగది, పువ్వు కింద బుల్లి కాయ ఉంటే ఆడది. పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది, గాలికి ఎగరదు. పురుగో, చెయ్యో మొయ్యాల్సిందే.

పరిష్కారం: చేత్తో పుప్పొడి అంటించడం. చాలామంది చేసి కూడా ఫలితం రాలేదంటారు, ఎందుకంటే అన్నిటికీ పొద్దున్నే చేస్తారు. గుమ్మడి, దోస, కాకర, నేతిబీర తెల్లవారుజామున విచ్చుకుంటాయి. గుమ్మడి పువ్వు ఎండ ఎక్కేసరికి ముడుచుకుంటుంది కాబట్టి 8 గంటలలోపు పని అయిపోవాలి. ఆనప, బీర సాయంత్రం పూస్తాయి. వాటి తెల్ల, పసుపు పూల మీద చీకటి పడే వేళ వాలేవి ఎక్కువగా రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులు. వీటికి సాయంత్రం 6 నుంచి 8 మధ్య, టార్చి పట్టుకుని వెళ్లాలి.

అప్పుడే విచ్చిన మగపువ్వు తెంపి రేకులు తీసేయండి. నడిమి కాడను వేలితో తాకితే పసుపు పొడి అంటాలి. అంటకపోతే ఇంకో పువ్వు చూడండి. ఆడపువ్వు మధ్య మూడు పాయల బొడిపె ఉంటుంది. మూడు పాయలకూ తగిలేలా మెల్లగా రాయండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది. కాడకు రంగు దారం కట్టండి. అంటుకుంటే మూడు నాలుగు రోజుల్లో పిందె నిగనిగలాడుతూ లావెక్కుతుంది.

వాన పడే రోజుల్లో పుప్పొడి తడిసి పాడవుతుంది, తేనెటీగలూ కదలవు. ఆ రోజు విచ్చే మగ మొగ్గలను కాడతో కోసి, ఇంట్లో గ్లాసు నీళ్లలో ఉంచితే పొడిగా విచ్చుకుంటాయి.

సమస్య: కాయ వంకర, ఒక కొస సన్నం

కోసి చూస్తే సన్నగా ఉన్న వైపు గింజలుండవు. ఒక్కో గింజకు ఒక్కో పుప్పొడి రేణువు కావాలి. వందల గింజలుండే గుమ్మడికి తేనెటీగ ఒకసారి వాలితే చాలదు. మూడు పాయలకూ రాయమన్నది ఇందుకే.

సమస్య: అన్నీ మగపూలే

మొదటి వారం పది రోజులు అంతే, కంగారు పడకండి. తర్వాతా అలాగే ఉంటే యూరియా ఎక్కువై తీగ కొవ్వెక్కి ఉంటుంది, లేదా ఎండ తీవ్రత. యూరియా ఆపండి. వచ్చే పంటకు మొక్క రెండు నుంచి నాలుగు ఆకుల మీద ఉండగా లీటరు నీటికి 3 గ్రాముల బోరాక్స్ కలిపి కొడితే ఆడపూలు పెరుగుతాయి. పూత వచ్చాక కొట్టి ప్రయోజనం లేదు.

సమస్య: తేనెటీగలే రావడం లేదు

పొద్దున పిచికారీలు మానండి. గుమ్మడి, దోసకు సాయంత్రం, పూలు ముడుచుకున్నాక కొట్టాలి. ఆనప, బీరకు అదే సాయంత్రం పనికిరాదు, అప్పుడే పూలు విచ్చుతాయి. ఎండ తగ్గగానే, పూలు విచ్చకముందే ముగించండి. ఇమిడాక్లోప్రిడ్ లాంటి, మొక్కలోకి ఇంకిపోయే పురుగుమందు తేనెలోకీ, పుప్పొడిలోకీ చేరుతుంది కాబట్టి పూతలో దాని జోలికి వెళ్లకూడదు. ఎకరాకు ఒకటి రెండు పుట్ట తేనెటీగల పెట్టెలు, దగ్గర్లో రాళ్లు వేసిన నీళ్ల పళ్లెం పెడితే తేడా కనబడుతుంది. గట్ల మీద తులసి, నువ్వులు ఉన్నా మంచిదే.

సమస్య: పోటల తీగ బాగుంది, ఒక్క కాయా నిలవదు

దీనికి మందే లేదు. పోటలలో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. కాసే తీగ నుంచే ముక్కలన్నీ తెచ్చి నాటితే మడంతా ఆడదే అవుతుంది, పుప్పొడి ఎక్కడా ఉండదు. తొమ్మిది పది ఆడ మొక్కలకు ఒక మగ మొక్క చొప్పున, ఒక మూల కాకుండా మడంతటా నాటండి. ముక్కలు కొనేటప్పుడు మగ తీగవి విడిగా అడిగి, విడి కట్టగా తెచ్చుకోండి. ఆకు చూసి గుర్తుపట్టలేరు, పూత వచ్చేదాకా తెలియదు.