సీరియలైజబుల్ పెట్టాక రీట్రై ఎలా రాయాలి?

సీరియలైజబుల్ అంటే డేటాబేస్‌లో అన్నిటికన్నా కఠినమైన ఐసొలేషన్ లెవెల్: ఒకేసారి నడిచిన ట్రాన్సాక్షన్లు (బిగిన్ నుంచి కమిట్ దాకా ఒకే మూటగా నడిచే క్వెరీలు) ఒకదాని తర్వాత ఒకటి నడిచినట్టే ఫలితం ఉండాలి. కావలసినవి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, రెండు టెర్మినళ్లు, రెండు వరుసలు (రో) ఉన్న ఒక టేబుల్. ఒకే టెర్మినల్‌లో చూసి అంతా బాగుందనుకుంటే ఆ పరీక్ష దండగ.

ముందు డిఫాల్ట్ ఐసొలేషన్ లెవెల్ చూసుకోండి, అంటే ఒకేసారి నడిచే ట్రాన్సాక్షన్లను ఒకదాని నుంచి ఒకటి ఎంత వేరుగా ఉంచాలో చెప్పే సెట్టింగ్. పోస్ట్‌గ్రెస్‌లో రీడ్ కమిటెడ్, మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీలో రిపీటబుల్ రీడ్. లెవెల్ పేరు కలిసినంత మాత్రాన తీరు కలవదు. రిపీటబుల్ రీడ్‌లో ఇద్దరూ ఒకే రో చదివి, మార్చబోతే పోస్ట్‌గ్రెస్ రెండోవారిని ఎర్రర్‌తో ఆపుతుంది. ఇన్నోడీబీ మామూలు సెలెక్ట్ తర్వాత కిమ్మనకుండా రాయనిస్తుంది, మొదటి మార్పు గల్లంతు.

ఇప్పుడు టేబుల్‌లో రెండు అడ్మిన్ ఖాతాలు పెట్టండి. కనీసం ఒకటి యాక్టివ్‌గా ఉండాలన్నది నియమం. రెండు టెర్మినళ్లలోనూ రిపీటబుల్ రీడ్‌తో బిగిన్ కొట్టి, యాక్టివ్ ఖాతాలు లెక్కించండి. రెంటికీ 2 కనిపిస్తుంది. ఒకటి మొదటి ఖాతాను, రెండోది రెండో ఖాతాను ఆపేసి కమిట్ చేస్తే రెండూ సాగుతాయి, అడ్మిన్ ఒక్కరూ మిగలరు. ఇదే సీరియలైజబుల్‌లో చేస్తే రెండో కమిట్ 40001 ఎర్రర్‌తో (ఒకదాని తర్వాత ఒకటి నడిచినట్టు చూపలేనని డేటాబేస్ చెప్పే కోడ్) పడిపోతుంది. లెవెల్‌ను మొదటి క్వెరీకి ముందే చెప్పాలి.

అసలు చిక్కు ఇక్కడే. 40001 వస్తే చాలామంది పడిపోయిన అప్‌డేట్‌ను మాత్రమే మళ్లీ పంపుతారు. తప్పు. రోల్‌బ్యాక్ చేసి (ఆ ట్రాన్సాక్షన్‌ను రద్దు చేసి), బిగిన్ నుంచి, చదవడంతో సహా మొత్తం మళ్లీ నడపాలి. పాత లెక్క 2 వేరియబుల్‌లో ఉండిపోతే రీట్రై మళ్లీ అదే తప్పు చేస్తుంది, ఈసారి ఎర్రర్ కూడా రాదు. కమిట్ దగ్గరా ఎర్రర్ రావచ్చు కాబట్టి అదీ రీట్రై లూప్ లోపలే ఉండాలి. ఈమెయిల్ పంపడం లాంటివి మాత్రం కమిట్ అయ్యాకే, లేకపోతే ఒక మెయిల్ మూడుసార్లు వెళ్తుంది. ప్రయత్నాలు 5 చాలు, మధ్యలో కొన్ని మిల్లీసెకన్లు, ప్రతిసారీ వేర్వేరుగా ఆగండి. అందరూ ఒకేసారి లేస్తే మళ్లీ అందరూ గుద్దుకుంటారు.

ఆ టేబుల్‌ను మార్చే ట్రాన్సాక్షన్లన్నీ సీరియలైజబుల్‌లోనే ఉండాలి. ఒక్కటి రీడ్ కమిటెడ్‌లో మిగిలినా ఆ హామీ పోయినట్టే. ఒకే రోలో అంకె తగ్గించే పనికి ఇంత హంగామా అక్కర్లేదు, రోకు తాళం వేసి చదివే సెలెక్ట్ ఫర్ అప్‌డేట్ చాలు.

కమిట్ మధ్యలో కనెక్షన్ తెగితే ఈ లూప్ వాడకండి. 40001 వస్తే ఏదీ రాయబడలేదని ఖాయం, తెగిన కనెక్షన్‌తో ఆ ఖాయం లేదు. ప్రతి రిక్వెస్ట్‌కూ ఒక యూనిక్ కీ రాసి, అది టేబుల్‌లో ఉందో లేదో చూశాకే మళ్లీ పంపండి.